బస్సుల కేసుతో మొదలయ్యే పాఠం

మా నాయన ఇరవై ఏళ్ల వయసులో కర్నూలు నుంచి ఆదోని వైపు తిరిగే ఒక ప్రైవేటు బస్సుకు క్లీనరుగా చేరాడు. కొన్నాళ్లకు కండక్టరయ్యాడు. తర్వాత ఆర్టీసీలోకి వచ్చి అక్కడే రిటైరయ్యాడు. నా చిన్నప్పుడు రాత్రి అన్నాల దగ్గర ఆయన నోట "బస్సుల కేసు" అనే మాట తరచుగా వినేవాణ్ని. "బస్సుల కేసులో సర్కారు ఓడిపోయింది రా. ముఖ్యమంత్రే దిగిపోయినాడు" అనేవాడు. ఆ కేసు ఎవరు వేశారో, ఏ కోర్టులో నడిచిందో, సర్కారు ఎందుకు ఓడిందో ఆయనకు తెలియదు. మేమూ అడగలేదు.

చాలా ఏళ్లకు నేను లా చదివాను. పరీక్షలో అధికార దుర్వినియోగం మీద ప్రశ్న వస్తే గైడులో బట్టీ పట్టిన కేసుల పేర్లన్నీ వరుసగా రాశాను. అందులో ఒకటి, రౌజీ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, 1964. పక్కన "దురుద్దేశం, స్కీము రద్దు" అని రెండు ముక్కలు. మంచి మార్కులే పడ్డాయి. ఆ కేసే మా నాయన చెప్పిన బస్సుల కేసని నాకు తెలిసేసరికి నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ఒకరోజు లైబ్రరీలో ఆ తీర్పు మొత్తం మొదటిసారి తెరిచి చదువుతుంటే "కర్నూలు జిల్లా పడమటి భాగం" అన్న మాట కనబడింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంట్లో రోజూ విన్న సంగతి, పరీక్షలో రాసిన సంగతి ఒకటేనని చెప్పినవాళ్లు నా చదువు మొత్తంలో ఒక్కరూ లేరు. ఆ రోజు వచ్చిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు. నేను కాన్‌స్టిట్యూషనల్ లా చెప్పే తీరంతా ఆ కోపంలోంచే పుట్టింది.

కేసు ఏమిటో చెబుతాను. 1939 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక ప్రాంతంలోని బస్సు రూట్లను ఆర్టీసీ తీసుకోవాలంటే ముందు స్కీము ప్రకటించాలి. దాని మీద ప్రైవేటు ఆపరేటర్ల అభ్యంతరాలు విని, ఆ తర్వాతే ప్రభుత్వం ఆమోదించాలి. ముందు అనుకున్న వరుసలో వేరే జిల్లాలు ఉండగా కర్నూలు జిల్లా పడమటి భాగాన్ని ముందుకు తెచ్చారు. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. తన రాజకీయ ప్రత్యర్థుల్ని దెబ్బకొట్టడానికే ఆయన ఈ వరుస మార్పించాడని ఆపరేటర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇలాంటి ఆరోపణలు ఎవరైనా తేలిగ్గా చేయగలరు కాబట్టి జాగ్రత్తగా చూడాలని కోర్టే అంది. అయితే ఆరోపణ ముఖ్యమంత్రి మీద వ్యక్తిగతంగా వచ్చింది. అది నిజం కాదని ఆయన స్వయంగా అఫిడవిట్ వేయలేదు. ఆయన మనసులో ఏముందో ఇంకొకరు ప్రమాణం చేసి చెప్పలేరు కదా. జవాబు రాని ఆరోపణ నిలబడింది, స్కీములు కొట్టేశారు. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు.

ఈ కథ చెప్పాక క్లాసులో నేను అడిగే మొదటి ప్రశ్న: "ముఖ్యమంత్రి తప్పు చేశాడని కోర్టు తేల్చిందా, లేక చేయలేదని ఎవరూ చెప్పనందుకు ఒప్పుకుందా?" దీని మీద ఒక గంట పూర్తిగా గడిచిపోతుంది. అఫిడవిట్ అంటే ఏమిటో, రుజువు భారం ఎవరి మీద ఉంటుందో, కోర్టు అధికారాన్ని ఎంత దూరం ప్రశ్నించగలదో వాళ్లే వాదించుకుంటూ కనిపెడతారు. చట్టం ముందు అందరూ సమానమని చెప్పే 14వ అధికరణం గురించి నేను ఒక్క మాట అనకముందే క్లాసులో ఎవరో ఒకరు "అందరికీ ఒకే వరుస ఉండల్ల కదా సార్, మా జిల్లాను మాత్రం ముందుకు ఎందుకు లాగినారు?" అంటారు. అప్పుడు బోర్డు మీద 14 అని రాస్తాను.

రెండో గంటలో ఇంకో సంగతి చెబుతాను. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన ఈ సంజీవరెడ్డే రాజ్యాంగ సభలో సభ్యుడు. రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్నాడు, ఆ రాజ్యాంగం పెట్టిన కోర్టు చేతిలో ఓడాడు, తీర్పు రాగానే కుర్చీ దిగాడు, 1977లో అదే రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి అయ్యాడు. ఒక్క మనిషి జీవితంలో ఇంత రాజ్యాంగం ఉంటే, దాన్ని పక్కన పెట్టి "ఆర్టికల్ ఒకటి, ఇండియా అంటే భారత్" అని పాఠం మొదలుపెట్టడం పిల్లలకు అన్యాయం చేయడమేనని నా గట్టి నమ్మకం.

నా వాదన ఇదే. రాజ్యాంగాన్ని అధికరణాల వరుసలో చెప్పకూడదు. ఒక మనిషి ఏ కష్టం వచ్చి కోర్టు మెట్లెక్కాడో అక్కడ మొదలుపెట్టాలి. ఆ మనిషి మన జిల్లావాడైతే మరీ మంచిది. పాఠం ముందు తెలుగులో నడవాలి, ఇంగ్లీషు దాని వెనక రావాలి.

తెలుగు సంగతి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే దీని మీద నాతో చాలామంది గొడవపడ్డారు. 21వ అధికరణం తీసుకోండి. చట్టం ఏర్పరచిన పద్ధతి ప్రకారం తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ తీసివేయకూడదు. 1950లో కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ మద్రాసు రాష్ట్రంలో జైల్లో ఉన్నాడు. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం కింద పెట్టారు. సుప్రీంకోర్టు జడ్జీల్లో ఎక్కువమంది ఏమన్నారంటే, పార్లమెంటు చట్టం చేసింది, అందులో ఒక పద్ధతి రాసింది, దాన్ని పాటించారు, అంతే చాలు. ఆ పద్ధతి న్యాయమైనదా అని అడిగే పని కోర్టుది కాదన్నారు. అప్పట్లో మన కర్నూలు, కడప, అనంతపురం కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవని పిల్లలకు గుర్తు చేస్తాను. గోపాలన్‌ను పట్టుకున్న పోలీసులూ మన జిల్లాల పోలీసులూ ఒకే సర్కారు కింద పనిచేసినవాళ్లు. ఈ తీర్పులోని దృష్టి మారడానికి 1978 జనవరి దాకా పట్టింది. మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో పద్ధతి అంటే న్యాయమైనది, సబబైనది అయి ఉండాలని కోర్టు చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్లు.

ఇప్పుడు ఇదే విషయాన్ని మా ఊళ్ల పిల్లల ముందు తెలుగులో పెట్టండి. "పద్ధతి అంటే ఏంది?" అని అడిగితే, "పద్ధతి లేని మనిషి అంటారు సార్" అని ఒకడంటాడు. "ఇది పద్ధతేనా అని మా అవ్వ అడుగుతుంది" అని ఇంకో అమ్మాయి అంటుంది. మన తెలుగులో పద్ధతి అన్న మాటలోనే మంచీ చెడూ కలిసి ఉన్నాయి. కాగితం మీద రాసిన వరుస ఒక్కటే పద్ధతి అవదు. నలుగురిలో నిలబెట్టి అడిగితే సిగ్గుపడకుండా చెప్పుకోగలిగితేనే అది పద్ధతి. సుప్రీంకోర్టు ఇరవై ఎనిమిదేళ్లకు చేరిన చోటుకు ఆలూరు నుంచి వచ్చిన అమ్మాయి వాళ్ల అవ్వ మాట పట్టుకుని ఒక్క నిమిషంలో చేరింది. గోపాలన్ తీర్పు మొదట ఇంగ్లీషులో చదివి ఉంటే ఆ అమ్మాయి నోరు విప్పేది కాదు, మాటకు అర్థం తెలిసినా అడిగే ధైర్యం ఉండేది కాదు. దాని తర్వాతే రాజ్యాంగ సభలో 'డ్యూ ప్రాసెస్' (న్యాయమైన పద్ధతి) అన్న మాట ఎందుకు తీసేశారో, ఆ సభ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి అక్కడి జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్‌తో మాట్లాడి వచ్చాక ఆ మార్పు ఎలా జరిగిందో చెబుతాను. అప్పుడు ఆ ఇంగ్లీషు మాటలు వాళ్లకు బరువుగా అనిపించవు.

మా క్లాసులో మూడేళ్ల లా కోర్సుకు వచ్చేవాళ్లలో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లూ ఉంటారు. ఒక ఏడు ఒక కానిస్టేబుల్ ఉన్నాడు. అదే క్లాసులో, మేనమామ మీద రౌడీషీటు ఉన్న కుర్రాడూ ఉన్నాడు. ఇద్దరివీ పేర్లు చెప్పను. మా జిల్లా సంగతి తెలిసినవాళ్లకు ఆ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోవడం ఎంత కష్టమో తెలుసు. కుర్రాడు చిన్నప్పుడు మామ ఇంట్లోనే పెరిగాడు. రాత్రి ఒంటిగంటకు తలుపు కొట్టి "ఉన్నాడా?" అని అడిగి పోయేవాళ్లట. ఇంట్లో ఆడవాళ్లు తెల్లవార్లూ పడుకునేవాళ్లు కాదట.

వాళ్లకు ఖరక్ సింగ్ కేసు ఇచ్చాను. ఉత్తరప్రదేశ్ మనిషి. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని మీద హిస్టరీషీటు తెరిచారు. రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు తట్టడం, పేరు పెట్టి అరవడం, నిద్రలేపడం. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి సోదాలను కొట్టేసింది. కానీ మిగతా నిఘాను ఉంచింది, ప్రైవసీ అనే హక్కు మన రాజ్యాంగంలో లేదంది. అప్పుడు ఎదురు తీర్పు రాసిన జడ్జి కోకా సుబ్బారావు, మన తెలుగువాడు, 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. వ్యక్తిగత స్వేచ్ఛలో ప్రైవసీ భాగమని, ఆ నిఘా అంతా పోవాలని ఆయన రాశాడు. ఆయన వైపు ఇంకొక్క జడ్జి మాత్రమే ఉన్నాడు. 2017 ఆగస్టులో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని సుబ్బారావు చెప్పిందే సరైనదన్నారు. యాభై అయిదేళ్లు ఆ మాట పుస్తకాల్లో ఎదురుచూసింది.

నేను చేసిన పని ఒక్కటే. కానిస్టేబుల్‌ను ఖరక్ సింగ్ తరఫున వాదించమన్నాను. కుర్రాణ్ని పోలీసుల తరఫున. ఇద్దరూ ఒప్పుకోలేదు. "సార్, నాకు టెన్షన్‌గా ఉంటాది, డిపార్ట్‌మెంట్ వాళ్లు వింటే?" అని కానిస్టేబుల్ అన్నాడు. క్లాసు బయటికి ఏదీ పోదని అందరి చేతా మాట తీసుకున్నాను. వారం తర్వాత వాదన జరిగింది. నిఘా లేకపోతే పాతపగల ఊళ్లో ఒక హత్య ఎలా జరుగుతుందో ఆ కుర్రాడు చెప్పాడు. కానిస్టేబుల్ ఒకసారి తాను తలుపు కొట్టినప్పుడు లోపల పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చిన సంగతి చెప్పాడు. ఆ తర్వాత అతను చాలాసేపు మాట్లాడలేదు. ఆ గంటలో నేను నేర్పినదేమీ లేదు. రాజ్యాంగాన్ని ఎదుటివాడి వైపు నుంచి చూడటం వాళ్లకు వాళ్లే నేర్చుకున్నారు. అప్పటి నుంచి ఏ కేసైనా, విద్యార్థికి ఏ పక్షం ఇష్టమో ముందు అడుగుతాను, తర్వాత రెండో పక్షం ఇస్తాను. దీన్ని మార్చమని ఎవరు చెప్పినా మార్చను.

ఇక స్టడీ సర్టిఫికెట్. మొదటివారంలో అందరినీ తమ స్టడీ సర్టిఫికెట్లు తెమ్మంటాను. ఏ తరగతి ఎక్కడ చదివారో రాసిన ఆ కాగితం మన రాష్ట్రంలో ప్రతి పిల్లాడి దగ్గరా ఉంటుంది. ఎందుకుంటుందో మాత్రం చాలామందికి తెలియదు. దానికి కారణం రాజ్యాంగంలోని 371డి అధికరణం. 1972-73లో తెలంగాణ ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలన్న నిబంధన) గొడవలు, జై ఆంధ్ర ఉద్యమం, ఆ తర్వాత ఆరు సూత్రాల పథకం, దానికోసం 32వ సవరణ. 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుతో కాలేజీ సీట్లలో నూటికి ఎనభై అయిదు స్థానికులకు. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు కలిపి ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం. రాజ్యాంగంలో మిగతా ఏ భాగం అడ్డొచ్చినా 371డి మాటే చెల్లుతుందని దానిలోనే రాసి ఉంది. అయినా 1986 డిసెంబరులో పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ అధికరణంలోని అయిదో క్లాజును కొట్టేసింది. ప్రభుత్వోద్యోగుల వివాదాలు వినే ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే మార్చుకోగలిగితే న్యాయపాలన ఎక్కడుంటుందని అడిగింది. సవరణ చేసి కూడా రాజ్యాంగం మూల స్వరూపాన్ని చెరపకూడదన్న మౌలిక నిర్మాణ సిద్ధాంతం చెప్పాలంటే కేశవానంద భారతి తీర్పుతో మొదలుపెట్టి పదమూడుమంది జడ్జీల పేర్లు రాయించడం కన్నా ఈ దారిలో వెళ్లడం తేలికని నా అనుభవం.

పోయినేడు ఆలూరు అమ్మాయే, పైన అవ్వ మాట చెప్పిన అమ్మాయే, తన కాగితం బల్ల మీద పెట్టి, "మా అమ్మానాన్నలు బళ్లారిలో పనికి పోయినారు సార్. నన్నూ ఆడనే ఇంటర్‌లో చేర్పించినారు. ఇప్పుడు నేను లోకల్ కాదంట" అంది. తాతల కాలం నుంచి ఆలూరులో ఉన్న కుటుంబం. క్లాసంతా కదిలింది. వలస పోయే ఊళ్ల పిల్లలు వేరే కూడా ఉన్నారు కదా. అప్పుడు మ్యాపు తీశాను. 1953 అక్టోబరు 1కి ముందు ఆదోని, ఆలూరు, రాయదుర్గం బళ్లారి జిల్లాలోవే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున ఈ మూడు తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. పార్లమెంటు ఆ గీత ఒక రెండు మూడు ఫిర్కాలు (కొన్ని ఊళ్ల గుంపులు) అటూ ఇటూ జరిపి ఉంటే ఆ అమ్మాయి చదువు ఏ రాష్ట్రం లెక్కలో పడేదో ఎవరు చెప్పగలరు? మూడో అధికరణం కింద రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం పార్లమెంటుకు ఉందని పుస్తకంలో ఒక వాక్యం. ఆ వాక్యం ఒక అమ్మాయి సీటు మీద ఎలా పడుతుందో చూశాక దాన్ని ఎవరూ మరిచిపోరు. అందరం కలిసి ఆ ఉత్తర్వు కూడా చదివాం. స్థానికులు కానివాళ్లకు మిగిలే పదిహేను శాతంలో రాష్ట్రంలో పదేళ్లు నివాసమున్న తల్లిదండ్రుల పిల్లలకు దారి ఉందా అని వెతికాం.

హైకోర్టు సంగతి ప్రతి ఏడూ వస్తుంది. "కర్నూలుకు ఎప్పుడొస్తాది సార్?" నేనూ సీమవాణ్నే. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు ఇవ్వాలని కోస్తా, సీమ నాయకులు రాసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక గురించి మా తాతల నోట విన్నవాణ్నే. మూడేళ్లు రాజధానిగా ఉండి గుడారాల్లో ప్రభుత్వం నడిపిన ఊరు ఇది. హైకోర్టు ఇక్కడ ఉండాలన్న కోరిక నాకూ ఉంది, దాచుకోను. కానీ క్లాసులో ఆ కోరికను బయటపెట్టి ఊరుకుంటే నేను ఉపన్యాసకుణ్ని అవుతాను గానీ లా మాస్టర్ని కాను. అందుకే అడుగుతాను: నాయకుల మధ్య జరిగిన ఒప్పందానికి చట్టంలో ఎంత బలముంది? హైకోర్టు స్థానం నిర్ణయించేది ఎవరు, శాసనసభా, రాష్ట్రపతా, పార్లమెంటా? ఉద్రేకంగా మొదలైన గొంతులు అక్కడ నెమ్మదిస్తాయి. పుస్తకాలు తెరుస్తారు.

ఈ తీరు మీద నాకు వచ్చే అభ్యంతరాల్లో ఒకదానికి మాత్రం బరువుంది. నా తోటి అధ్యాపకుడొకరు నిజాయితీగా చెప్పారు: "మీరు కథలు చెబుతారు, పిల్లలు మెచ్చుకుంటారు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షలో అధికరణం నంబరు అడుగుతారు. కూలీ చేసి చదివించిన తల్లిదండ్రులకు ఆ ఉద్యోగమే కావాలి." దీన్ని నేను కొట్టిపారేయలేను. మా నాయన కూడా అలాగే చదివించాడు. అందుకే ప్రతి గంట చివర పది నిమిషాలు నంబర్లు, సవరణలు, సంవత్సరాలు అప్పచెప్పించుకుంటాను. చూసిందేమిటంటే, రౌజీ కేసు విన్నవాడికి 14 గుర్తుంటుంది, ఖరక్ సింగ్‌ను వాదించినవాడికి 21 గుర్తుంటుంది. బట్టీ పట్టినవాడికి పరీక్ష రాసిన మర్నాటికి రెండూ కలిసిపోతాయి. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ టీ తాగుతూ దీని మీదే మాట్లాడుకుంటాం.

నేను సరిగ్గా చేయలేని చోటూ ఒకటుంది, చెప్పాలి. 2024 ఆగస్టు 1న ఎస్సీల వర్గీకరణ మీద దవీందర్ సింగ్ తీర్పు వచ్చింది. 2004లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఇ.వి. చిన్నయ్య కేసులో వర్గీకరణ కుదరదన్న తీర్పును తోసిపుచ్చింది. మాల, మాదిగ కుటుంబాల పిల్లలు పక్కపక్కన కూర్చునే క్లాసు నాది. రెండో పక్షం వాదించమనే నా అలవాటు ఇక్కడ పనిచేయలేదు. ఒక అబ్బాయి లేచి, "సార్, ఇది మాకు కేసు కాదు, ఇంటి సంగతి" అని కూర్చున్నాడు. నేను ఆ రోజు తీర్పు చదివి వినిపించి ఆపేశాను. పెద్దపాడులో పుట్టి, మద్రాసులో లా చదివి, 1960లో దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య మా జిల్లావాడని గర్వంగా చెబుతుంటాను. ఆయన జిల్లాలో ఈ తీర్పును ఎలా చెప్పాలో ఇంకా వెతుక్కుంటున్నాను. వాళ్లను వాదులాడించకుండా వినిపించే దారి ఏదో ఉండాలి.

రౌజీ తీర్పు దొరికిన ఆదివారం ఇంటికి తీసుకెళ్లి మా నాయనకు తెలుగులో చదివి చెప్పాను. మంచం మీద కూర్చుని గంటన్నర విన్నాడు. మధ్యలో ఒకసారి "ఆయప్ప అఫిడవిట్ ఎందుకు వేయలేదు?" అన్నాడు. తీర్పులో లేదు నాయనా అన్నాను. అంతా అయిపోయాక కొంచెంసేపు ఆగి, "తీర్పు వచ్చిన రోజు మా ఓనరు అందరికీ మిఠాయి పంచినాడు. మా జీతాల ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తలేదు" అన్నాడు.

ఆపరేటర్ల హక్కులున్నాయి ఆ తీర్పులో. ప్రభుత్వ అధికారం ఉంది. ముఖ్యమంత్రి ఉన్నాడు. బస్సులు నడిపిన మనుషుల సంగతి ఏమిటని అప్పటిదాకా నాకు తోచలేదు. ఇప్పుడు ఆ పాఠం చివర ఈ ప్రశ్న ఇస్తున్నాను: రౌజీ కేసులో కండక్టరు ఎక్కడున్నాడు? ఏ అధికరణం పట్టుకుని అతను కోర్టుకు వెళ్లగలడు? ఈ ఏడు పిల్లలకు గురువారం దాకా గడువిచ్చాను.